థోరియం ఎందుకు పగలాలి, 1400 కోట్ల ఏళ్లు ఎందుకు ఆగాలి? కేంద్రక స్థిరత్వంపై చర్చ

తీరంవాసి, సఖినేటిపల్లి

అంతర్వేది వైపు సముద్రపు ఒడ్డున ఇసుకలో నల్లటి చారలు కనబడతాయి. ఆ ఇసుకలో మోనజైట్ ఉందని, మోనజైట్‌లో థోరియం ఉందని, అది రేడియోధార్మిక మూలకమని నా పదో తరగతి పిల్లలకు చెబుతుంటాను. థోరియం-232 అర్ధాయువు, అంటే దానిలో సగం పరమాణువులు పగలడానికి పట్టే కాలం, సుమారు 1400 కోట్ల సంవత్సరాలని కూడా చెబుతాను. ఒక విద్యార్థిని లేచి ఇలా అడిగింది: "కేంద్రకాన్ని పట్టి ఉంచే బలం అంత గట్టిదైతే థోరియం ఎందుకు పగలాలి? పగిలేదే అయితే అన్ని కోట్ల ఏళ్లు ఎందుకు ఆగాలి?"

పాఠ్యపుస్తకంలో ఆల్ఫా, బీటా, గామా అని మూడు పేర్లు, మూడు సమీకరణాలు ఉన్నాయి. ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆ పిల్లకు నిజమైన కారణం చెప్పాలని ఉంది. తెలిసినవారు కాస్త ఓపికగా వివరించగలరు.

విశ్రాంత అధ్యాపకుడు, అమలాపురం

మీ విద్యార్థిని వేసినది ఒక ప్రశ్న కాదు, రెండు. జవాబులు కూడా వేర్వేరు. ముందు మొదటిది.

రెండు ప్రోటాన్లను ఒక ఫెమ్టోమీటరు దూరంలో, అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లవ వంతు దూరంలో ఉంచితే వాటి మధ్య విద్యుత్ వికర్షణ సుమారు 230 న్యూటన్లు ఉంటుంది. 23 కిలోల బరువు ఎత్తడానికి కావలసినంత బలం రెండు కణాల మధ్య! దాన్ని అణచిపెట్టేది ప్రబల కేంద్రక బలం. ఆ దూరంలో అది విద్యుత్ బలం కన్నా సుమారు వంద రెట్లు గట్టిది. ప్రోటాన్, న్యూట్రాన్ అనే భేదం దానికి దాదాపు లేదు. కానీ రెండు మూడు ఫెమ్టోమీటర్లు దాటగానే అది దాదాపు మాయమవుతుంది. మరీ దగ్గరగా, 0.7 ఫెమ్టోమీటరు లోపలికి నెడితే అదే బలం వికర్షణగా మారుతుంది. కేంద్రకం కుంచించుకుని బిందువైపోకపోవడానికి అదొక కారణం.

ఇప్పుడు థోరియం-232ను తీసుకోండి. 90 ప్రోటాన్లు, 142 న్యూట్రాన్లు. ఒక్కో కణాన్ని ప్రబల బలంతో పట్టుకునేవి దాన్ని ఆనుకుని ఉన్న కొద్ది కణాలే. విద్యుత్ వికర్షణకు అలాంటి హద్దు లేదు. ప్రతి ప్రోటాన్ మిగతా 89 ప్రోటాన్లనూ నెడుతూనే ఉంటుంది. ఇలా నెట్టుకునే జతలు ఇనుము-56లో 325, థోరియంలో 4005. మొత్తం కణాలు సుమారు నాలుగు రెట్లు పెరిగితే నెట్టుకునే జతలు పన్నెండు రెట్లు పెరిగాయన్నమాట.

ఫలితం బంధన శక్తిలో, అంటే కేంద్రకాన్ని విడి కణాలుగా విడదీయడానికి కావలసిన శక్తిలో కనబడుతుంది. ఒక్కో కణం వాటాకు ఇనుము, నికెల్ దగ్గర సుమారు 8.8 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (కేంద్రకాల శక్తికి వాడే కొలత) వస్తే, థోరియం దగ్గరకు వచ్చేసరికి 7.6 మాత్రమే. అంటే థోరియం కొంత విదిలించుకుంటే మిగిలినది ఇంకా గట్టిగా బిగుసుకోగలదు. పగలడానికి కారణం అదే. ఎందుకు ఆగుతుందన్నది రాత్రికి రాస్తాను, అది ఇంకా అందమైన విషయం.

డిగ్రీ మూడో సంవత్సరం, కాకినాడ

సార్, రాత్రి లోపు ఒక సందేహం. గొడవంతా ప్రోటాన్ల వికర్షణతోనే అయితే, ఆవేశం లేని న్యూట్రాన్లు ఎన్ని ఎక్కువుంటే కేంద్రకం అంత గట్టిగా ఉండాలి కదా. ఉత్త న్యూట్రాన్లతోనే కేంద్రకం ఎందుకు ఉండదు?

నల్లఇసుక, రాజోలు

చర్చ దారి మళ్లించడం నా ఉద్దేశం కాదు, కానీ మొదటి టపాలో ఒక విషయం పిల్లలకు తప్పుగా అందే ప్రమాదం ఉంది. నల్లగా ఉన్నది థోరియం కాదు. నేను భూగర్భశాస్త్రం చదివాను, ఈ ఇసుకను భూతద్దం కింద చాలాసార్లు చూశాను. నల్లటి గింజల్లో ఎక్కువ భాగం ఇల్మనైట్, అయస్కాంతానికి చటుక్కున అంటుకునేది మాగ్నటైట్. గులాబీ, ఎరుపు రంగుల్లో మెరిసేది గార్నెట్. రంగు లేకుండా నిగనిగలాడేది జిర్కాన్. వీటి మధ్య అక్కడక్కడ తేనె రంగులో, అంచులు అరిగి గుండ్రంగా కనబడేదే మోనజైట్. అది సీరియం, లాంథనం వంటి అరుదైన మృత్తిక మూలకాల ఫాస్ఫేటు, అందులో థోరియం కలిసి ఉంటుంది. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం.

ఇవన్నీ తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ శిలలు అరిగి నదుల వెంట వచ్చినవి. బరువైన గింజలు గనుక అలలు తేలిక ఇసుకను వెనక్కి లాక్కుపోగా ఇవి చారలుగా మిగులుతాయి. మోనజైట్‌ను వేరుచేసి దాచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పిల్లలతో ఆ ప్రయోగం మాత్రం వద్దు, భూతద్దంతో చూపిస్తే చాలు.

విశ్రాంత అధ్యాపకుడు, అమలాపురం

తేనె రంగు గింజ సంగతి చెప్పి మంచి పని చేశారు. కాకినాడ అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడే జవాబు రాస్తాను. ఇది అర్థమైతే బీటా విఘటనం మొత్తం అర్థమైనట్టే.

న్యూట్రాన్‌ను ఒంటరిగా వదిలితే నిలవదు. ప్రోటాన్‌గా మారిపోతుంది, ఒక ఎలక్ట్రాన్, ఒక యాంటీన్యూట్రినో (ఆవేశం లేని, చాలా తేలికైన కణం) బయటపడతాయి. అర్ధాయువు సుమారు 10 నిమిషాలు. శక్తి లెక్క చూడండి. శక్తి రూపంలో చూస్తే న్యూట్రాన్ ద్రవ్యరాశి 939.57 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, ప్రోటాన్‌ది 938.27. తేడా 1.29. అందులో ఎలక్ట్రాన్ తయారీకి 0.51 పోతే 0.78 మిగులు. మిగులు ఉంది గనుక మార్పు జరుగుతుంది.

మరి కార్బన్-12లోని న్యూట్రాన్ ఎందుకు మారదు? కేంద్రకంలో ప్రోటాన్లకు ఒక శక్తి స్థాయిల వరుస, న్యూట్రాన్లకు విడిగా మరొక వరుస ఉంటాయి. పౌలీ నియమం ప్రకారం ఒక స్థితిలో ఒకే కణం ఉండగలదు. కార్బన్-12లో ఆరు ప్రోటాన్లు అడుగు స్థానాలన్నీ నింపేశాయి. అక్కడ ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారితే అది పై స్థాయికి ఎక్కి కూర్చోవాలి. అందుకయ్యే ఖర్చు ఆ చిన్న మిగులు కన్నా చాలా ఎక్కువ. దారి మూసుకుపోయింది. పది నిమిషాల్లో సగం మాయం కావలసిన కణాలు ఎన్నటికీ అలాగే ఉండిపోతాయి.

న్యూట్రాన్లు మరీ ఎక్కువైతే అవి పైపై స్థాయిల్లోకి ఎక్కుతూ పోతాయి, ప్రోటాన్ల వరుసలో కింద ఖాళీలు ఉంటాయి. అప్పుడు మారడమే లాభం. కార్బన్-14లో 6 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు. అది నైట్రోజన్-14గా మారుతుంది, అర్ధాయువు 5730 ఏళ్లు. ఉత్త న్యూట్రాన్లతో కేంద్రకం కట్టబోతే ఈ చిక్కు మొదటి అడుగులోనే వస్తుంది. రెండు న్యూట్రాన్లు ఒకదానినొకటి పట్టుకోలేవు. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ మాత్రం డ్యుటీరియం కేంద్రకంగా 2.2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల బంధంతో నిలుస్తాయి. స్పిన్‌లు (కణాల సహజ భ్రమణ గుణం) ఒకే దిశలో ఉన్నప్పుడు ప్రబల బలం ఎక్కువ లాగుతుంది, ఒకేరకం కణాలు రెండు అడుగు స్థాయిలో అలా ఉండటానికి పౌలీ నియమం ఒప్పుకోదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. బీటా విఘటనం ప్రబల బలం చేసే పని కాదు, దుర్బల కేంద్రక బలం చేసేది. బయటికి వచ్చే ఎలక్ట్రాన్ కేంద్రకంలో అంతకుముందు ఎక్కడా లేదు, ఆ క్షణంలో పుట్టింది. దీన్ని పిల్లలకు చెప్పకుండా వదిలేస్తే, న్యూట్రాన్ అంటే ప్రోటాన్‌కు ఎలక్ట్రాన్ అంటించిన ముద్ద అనే అభిప్రాయం జీవితాంతం ఉండిపోతుంది.

అణువైద్య సాంకేతికుడు, పాలకొల్లు

నేను విజయవాడలో ఒక ఆసుపత్రి అణువైద్య విభాగంలో పనిచేస్తాను. సార్ చెప్పినదానికి రెండో వైపు మాకు రోజూ కనబడేదే. ప్రోటాన్లు ఎక్కువైన కేంద్రకంలో ప్రోటానే న్యూట్రాన్‌గా మారుతుంది. పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18లో 9 ప్రోటాన్లు, 9 న్యూట్రాన్లు. పాజిట్రాన్‌ను, అంటే ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ లాంటి కణాన్ని, వదిలి ఆక్సిజన్-18 అవుతుంది, అర్ధాయువు 110 నిమిషాలు. ఆ పాజిట్రాన్ ఒంట్లో ఒకట్రెండు మిల్లీమీటర్లు వెళ్లేసరికి ఎలక్ట్రాన్‌ను కలుస్తుంది, రెండూ అంతమై 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు ఎదురెదురు దిశల్లో పోతాయి. యంత్రం పట్టుకునేది ఆ జంటనే. పాజిట్రాన్ తయారీకి చాలినంత శక్తి లేని కేంద్రకాలు మరో దారి తొక్కుతాయి, తమ చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌నే లోపలికి లాక్కుంటాయి. గుండె పరీక్షల్లో వాడే థాలియం-201 అలాంటిది.

గామా విఘటనానికి టెక్నీషియం-99ఎమ్ కన్నా మంచి ఉదాహరణ లేదు. సీసపు కవచంలో ఒక చిన్న గాజు గొట్టం ఉంటుంది, అందులోని అల్యూమినా మీద మాలిబ్డినం-99 అంటుకుని ఉంటుంది. అది 66 గంటల అర్ధాయువుతో బీటాగా మారుతూ టెక్నీషియం తయారు చేస్తుంటుంది. పొద్దున్నే సెలైన్ పంపితే టెక్నీషియం మాత్రమే కరిగి కిందికి దిగుతుంది, మాలిబ్డినం పైనే ఉండిపోతుంది. దిగినది ఆరు గంటల అర్ధాయువుతో 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాను వదులుతుంది. ఇందులో ప్రోటాన్ల లెక్క మారదు, న్యూట్రాన్ల లెక్కా మారదు. ఎక్కువ శక్తితో ఉన్న కేంద్రకం కింది స్థాయికి దిగడమే గామా.

అరటిరైతు, రావులపాలెం

ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. అరటి తోటకు వేసే పొటాష్‌లో కూడా రేడియోధార్మికత ఉంటుందని వాడు అంటున్నాడు. నిజమేనా? బస్తాలు వసారాలోనే ఉంటాయి, పిల్లలు వాటి మీద ఎక్కి ఆడుకుంటారు. భయపడవలసిన సంగతా?

బావుల లాగింగ్, తాటిపాక

రైతు గారూ, మీ అబ్బాయి చెప్పినది నిజం, భయం మాత్రం అక్కర్లేదు. నేను చమురు, గ్యాసు బావుల్లో గామా పరికరాలు దింపే పని చేస్తాను కాబట్టి లెక్కతోనే చెబుతాను.

50 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బస్తా మీద 60 శాతం అని ఉంటుంది. అది పొటాషియం ఆక్సైడ్ లెక్క. అసలు పొటాషియం సుమారు 25 కిలోలు. ప్రకృతిలోని పొటాషియంలో 0.0117 శాతం పొటాషియం-40. దానివల్ల ఒక గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 విఘటనాలు జరుగుతాయి. అంటే మీ బస్తాలో సెకనుకు 7 లక్షలకు పైగా. సంఖ్య పెద్దదే, కానీ వాటిలో నూటికి 89 బీటాలు. ఎక్కువ భాగం ఎరువు గింజల్లోనే ఆగిపోతాయి. బయటపడే గామా కొద్దిపాటిది. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే పొటాషియంలోనే సెకనుకు 4 వేలకు పైగా విఘటనాలు ఎప్పుడూ జరుగుతుంటాయి. తినే తిండిలో పొటాషియం ఉన్నంతకాలం ఇది తప్పదు, శరీరం తనకు కావలసినంతే ఉంచుకుని మిగతాది పంపేస్తుంది. పిల్లలను బస్తాల మీద ఎక్కనివ్వకండి, అది మాత్రం ఎరువు కళ్లలో, నోట్లో పడకుండా ఉండటానికి.

పొటాషియం-40 కథ సార్ చెప్పిన వరుసలతో చక్కగా కుదురుతుంది. 19 ప్రోటాన్లు, 21 న్యూట్రాన్లు, రెండూ బేసి. జత దొరకని ప్రోటాన్ ఒకటి, జత దొరకని న్యూట్రాన్ ఒకటి. అందుకే అది రెండు వైపులకూ జారగలదు. బీటాతో కాల్షియం-40, ఎలక్ట్రాన్‌ను లాక్కుంటే ఆర్గాన్-40. ఈ రెండో దారిలో వచ్చే గామా శక్తి 1.46 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. గాలిలో దాదాపు ఒక శాతం ఆర్గాన్ ఉంది, అందులో 99.6 శాతం ఆర్గాన్-40. మనం పీల్చే గాలిలోని ఆ వాయువంతా రాళ్లలోని పొటాషియం కోట్ల ఏళ్లుగా మారుతూ ఇచ్చినదే.

విశ్రాంత అధ్యాపకుడు, అమలాపురం

ఇక రెండో సగం, థోరియం ఎందుకు ఆగుతుంది.

థోరియం నుంచి ఒక్క ప్రోటాన్‌ను పీకాలంటే శక్తి మనమే పెట్టాలి. కానీ రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసి హీలియం కేంద్రకంగా బయటికి వస్తే లెక్క తారుమారవుతుంది. ఆ నాలుగూ తమలో తాము బిగుసుకోవడంలోనే 28.3 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు విడుదలవుతాయి. ఖర్చులు పోను సుమారు 4 మిగులుతుంది. అందుకే బరువైన కేంద్రకాలు ఆల్ఫాలను వదులుతాయి.

మిగులు ఉన్నా ఒక అడ్డు ఉంది. ఆల్ఫా అంచు దాటగానే ప్రబల బలం పట్టు పోతుంది, విద్యుత్ వికర్షణ బయటికి నెడుతుంది. లోపల నుంచి చూస్తే ఆ అంచు 25 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన ఎత్తు. ఆల్ఫా దగ్గర ఉన్నవి 4. పాత భౌతికశాస్త్రం ప్రకారం అది ఎన్నటికీ బయటికి రాకూడదు. 1928లో జార్జ్ గామో, విడిగా గర్నీ, కాండన్ దీనికి జవాబు చెప్పారు. క్వాంటం సూత్రాల ప్రకారం కణానికి ఆ అడ్డు గుండా బయటపడే చిన్న సంభావ్యత ఉంటుంది. ఆల్ఫా సెకనుకు సుమారు కోటి కోట్ల కోట్ల సార్లు ఆ గోడను తాకుతుంది, అయినా బయటపడటానికి సగటున వేల కోట్ల ఏళ్లు పడుతుంది. సంభావ్యత ఎంత చిన్నదో ఊహించుకోండి.

లంక గ్రామం నుంచి

సార్, మాది వరద గట్టు పక్కన ఉన్న ఊరు. నది నిండుగా ఉన్నప్పుడు నీరు గట్టు మీదుగా పొర్లకపోయినా ఇవతలి వైపు ఊటగా దిగుతుంది. గట్టు సన్నగా ఉన్న చోట ఊట ఎక్కువ. మీరు చెప్పినది అలాంటిదేనా?

విశ్రాంత అధ్యాపకుడు, అమలాపురం

మందం మీద ఆధారపడుతుందన్న వరకు సరిగ్గా పట్టుకున్నారు. కానీ ఊటలో నీరు కొద్దికొద్దిగా వస్తుంది, ఆల్ఫా వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే అసలు రాదు. పైగా గట్టు మందం సగమైతే ఊట కొన్ని రెట్లు పెరుగుతుందేమో, ఇక్కడ పెరుగుదల ఊహకు అందదు.

థోరియం-232, అది ఒకదాని తర్వాత ఒకటిగా మారుతూ పోయే వంశంలోనే చివర వచ్చే పొలోనియం-212, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. ఆల్ఫా శక్తి మొదటిదానికి 4, రెండోదానికి 8.8. రెట్టింపుకు కొంచెం ఎక్కువ, అంతే. శక్తి ఎక్కువైనకొద్దీ దాటవలసిన అడ్డు సన్నబడుతుంది: థోరియానికి 50 ఫెమ్టోమీటర్లకు పైన, పొలోనియానికి 20 లోపు. అర్ధాయువులు? ఒకదానికి 1400 కోట్ల ఏళ్లు, మరొకదానికి సెకనులో కోటి వంతుల్లో మూడు. తేడా ఒకటి పక్కన 24 సున్నాలు. నేను ఈ సంఖ్యను తరగతిలో బోర్డు మీద రాసిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది.

డిగ్రీ మూడో సంవత్సరం, కాకినాడ

అయితే సార్, 450 కోట్ల ఏళ్లుగా ఇసుకలో, రాళ్లలో ఉన్న థోరియం పరమాణువు ముసలిదైపోయి, కొత్తదానికన్నా త్వరగా పగులుతుందా?

విశ్రాంత అధ్యాపకుడు, అమలాపురం

లేదమ్మా. పరమాణువుకు వయసు లేదు. 450 కోట్ల ఏళ్లు నిలిచిన థోరియానికి రేపు పగిలే అవకాశం, ఈరోజే పుట్టిన థోరియానికి ఉన్న అవకాశంతో సమానం. ఏది ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు, మొత్తం మీద ఎన్ని పగులుతాయో మాత్రం కచ్చితంగా చెప్పవచ్చు. ఒక గ్రాము థోరియంలో 2.6 కోట్ల కోట్ల కోట్ల పరమాణువులు ఉంటాయి, అందుకే అర్ధాయువు అంత పెద్దదైనా సెకనుకు సుమారు 4 వేలు పగులుతూనే ఉంటాయి. భూమి పుట్టినప్పుడు ఉన్న థోరియంలో 80 శాతం ఇంకా మిగిలి ఉంది, యురేనియం-238లో సగం, పొటాషియం-40లో 8 శాతం.

బావుల లాగింగ్, తాటిపాక

ఈ మూడూ బావిలో మాకు విడివిడిగా కనబడతాయి. పరికరంలోని స్ఫటికం మీద గామా పడినప్పుడు దాని శక్తి నమోదవుతుంది. 1.46 దగ్గర శిఖరం వస్తే పొటాషియం. 1.76 దగ్గర వస్తే యురేనియం వంశంలోని బిస్మత్-214. 2.61 దగ్గర వస్తే థోరియం వంశంలోని థాలియం-208. బంకమట్టి శిలల్లో ఈ మూలకాలు ఎక్కువ గనుక, లోతు వారీగా గామాను చూపే గీత కుడివైపు లేస్తుంది, శుభ్రమైన ఇసుకరాయి రాగానే ఎడమకు పడిపోతుంది. చమురు, గ్యాసు నిలిచేది సాధారణంగా ఆ ఇసుకరాయిలో. డెల్టా కింద వేల మీటర్ల లోతున పొరలు ఎలా పేర్చి ఉన్నాయో ఇలా గామా గీత చూసి చెబుతాము.

నల్లఇసుక, రాజోలు

థోరియం వంశం సీసం-208 దగ్గరే ఎందుకు ఆగుతుంది సార్? ఇంకా కిందికి దిగవచ్చు కదా.

విశ్రాంత అధ్యాపకుడు, అమలాపురం

సీసం-208లో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు. 2, 8, 20, 28, 50, 82, 126 అనే సంఖ్యల దగ్గర స్థాయిల వరుస నిండిపోయి, పై స్థాయికి పెద్ద ఎడం వస్తుంది. 1949లో మరియా గోపర్ట్ మేయర్, యెన్సెన్ విడివిడిగా దీనికి కారణం వివరించారు, 1963లో నోబెల్ పంచుకున్నారు. సీసం-208కి రెండు వరుసలూ నిండాయి, అందుకే అంత నిబ్బరం. దాని పక్కనున్న బిస్మత్-209ను చాలాకాలం స్థిరమైనదనే చదువుకున్నాం. 2003లో అది కూడా ఆల్ఫాను వదులుతుందని కొలిచారు. అర్ధాయువు విశ్వం వయసుకు వంద కోట్ల రెట్లకు పైగా.

కాకినాడ అమ్మాయి ఒక లెక్క చేయాలి. థోరియం-232 నుంచి సీసం-208 దాకా ఎన్ని ఆల్ఫాలు, ఎన్ని బీటాలు?

డిగ్రీ మూడో సంవత్సరం, కాకినాడ

ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) 24 తగ్గింది, ఒక్కో ఆల్ఫాకు 4, కాబట్టి 6 ఆల్ఫాలు. వాటితో ఆవేశం 12 తగ్గితే 90 కాస్తా 78 అవుతుంది. సీసానికి 82 కావాలి, అంటే 4 బీటాలు. అదే పద్ధతిలో యురేనియం-238 నుంచి సీసం-206 దాకా 8 ఆల్ఫాలు, 6 బీటాలు. యురేనియం-235 నుంచి సీసం-207 దాకా 7 ఆల్ఫాలు, 4 బీటాలు.

కానీ సార్, ఆల్ఫా 4 తగ్గిస్తుంది, బీటా ఏమీ తగ్గించదు. అలాగైతే ద్రవ్యరాశి సంఖ్యను 4తో భాగిస్తే శేషం 0, 1, 2, 3 వచ్చే నాలుగు వంశాలు ఉండాలి. 232కు శేషం 0, 238కి 2, 235కు 3. శేషం 1 వచ్చే వంశం ఎక్కడ?

విశ్రాంత అధ్యాపకుడు, అమలాపురం

ఆ వంశం ఉండేది. దాని చివరి దశలోని బిస్మత్-209ను పక్కన పెడితే, అందరికన్నా ఎక్కువ కాలం నిలిచేది నెప్ట్యూనియం-237, అర్ధాయువు 21.4 లక్షల ఏళ్లు. భూమి వయసులో ఆ అర్ధాయువు 2 వేల సార్లకు పైగా గడిచిపోయింది. అన్నిసార్లు సగం చేసుకుంటూ పోతే, భూమితో పాటు పుట్టిన నెప్ట్యూనియంలో ఒక్క పరమాణువు కూడా మిగలదు.